నీళ్ళ సీసా చూసి బడి సంగతి చెప్పిన ఆయమ్మ

మా కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి మొన్న మధ్యాహ్నం మూడు రంగురంగుల కాగితాలు పట్టుకుని పైకి వచ్చింది. వాళ్ళ బాబుకి మూడేళ్ళు నిండబోతున్నాయి. సుచిత్ర సెంటరు చుట్టుపక్కల ప్లే స్కూళ్ళు మూడు చూసిందట, దేంట్లో వెయ్యాలో తేలక నన్నడుగుదామని వచ్చింది. కాగితాల మీద ఏనుగులు, ఇంద్రధనుస్సులు, నవ్వుతున్న పిల్లలు. నేను వాటిని పక్కన పెట్టి, అక్కడ ఆయాలు ఎంతమంది, ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు, బాత్రూంలో సబ్బు అరిగి ఉందా కొత్తగా ఉందా అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. తర్వాత ఫోను తీసి ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టింది.

నేను ఒకప్పుడు టీచరుగా చేశానా అని అడిగింది. నవ్వొచ్చింది. నాది ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. నాకీ సంగతులు నేర్పినావిడ అయితే చేతిలో చీపురు లేకుండా బడి మెట్టు ఎక్కి ఎరగదు. ఆవిణ్ణి ఒకసారి కలవొచ్చా ఆంటీ అంది. పోయిన వానాకాలంలో పోయిందమ్మా అన్నాను. అనేశాను గాని, ఆ పిల్ల దిగి వెళ్ళాక పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారినా లేవబుద్ధి కాలేదు.

ఆవిడకో పేరుంది, నాకు తెలుసు. ఆ పేరుతో పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ అందరికీ ఆయమ్మే. సన్నటి మనిషి. నడక మాత్రం దబదబా, వస్తూంటే ముందు చప్పుడు వచ్చేది, తర్వాత మనిషి వచ్చేది. శామీర్‌పేట అవతల లాల్‌గడి మలక్‌పేట్ నుంచి పొద్దున్నే రెండు ఆటోలు మారి పనికి వచ్చేది. మెళ్ళో పుస్తెలతాడుకి ఎప్పుడూ ఏడెనిమిది పిన్నీసులు వేలాడుతూ ఉండేవి. ఏ పిల్లకి నిక్కరు ఎలాస్టిక్ తెగినా, ఏ పిల్లాడికి చొక్కా గుండీ ఊడినా, చెయ్యి మెడ దగ్గరికి పోయేది, పిన్నీసు దిగేది. సాయంత్రానికి తాడు బోసిపోయేది. మర్నాడు గేటు దగ్గర తల్లుల్ని ఆపి, నా బంగారం మీ ఇంట్ల ఉండిపాయె, తెచ్చియ్యి బిడ్డా అని అడిగేది. కొత్త తల్లులు నిజం బంగారమే అనుకుని హడలిపోయేవారు.

పిల్లల్ని లెక్కపెట్టే పద్ధతి చూసి తీరాలి. వేలు చూపించి ఒకటీ రెండూ అనేది కాదు. ఒక్కొక్క తల మీద చెయ్యి వేస్తూ ఆ రోజు ఎవరి డబ్బాలో ఏముందో చదివేది. ఇడ్లీ, ఉప్మా, దోశ, మల్ల దోశ, బిస్కట్లు, అన్నం దినొచ్చినోడు. పిల్లలు కూడా తమ వంతు రాగానే నేను ఉప్మా, నేను చపాతీ అని అందుకునేవాళ్ళు. మా మనవరాలు పండు ఎక్కువ రోజులు పెసరట్టు.

ఇంకొకటి, నిలబడి పిల్లలతో మాట్లాడేది కాదు. ఎంత తొందరలో ఉన్నా గొంతుక్కూచుని వాళ్ళ మొహానికి మొహం తెచ్చుకునేది. మోకాళ్ళు నొప్పి పుట్టవా అని అడిగితే, నిలవడి మాట్లాడితె ఆల్లకు మన మోకాళ్ళే కనవడ్తయి, మోకాళ్ళతోని ఏం జెప్పుకుంటరు అంది.

ఇంతకీ పండుని ఆ బడిలో వేసింది మేమే, ఎవర్నీ అనడానికి లేదు. మా అమ్మాయి బ్యాంకులో, అల్లుడు కంపెనీలో ఉద్యోగాలు. పిల్ల కోసమని నేను భీమవరం నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో వాళ్ళతో ఉంటున్నాను. బడి చూడ్డానికి ముగ్గురం కలిసే వెళ్ళాం. అద్దాల తలుపులు, చల్లటి గదులు, ఇంట్లో కూర్చుని ఫోనులో పిల్లని చూసుకునే కెమెరాలు. పండుకంటే ఓ బెత్తెడు పొడుగున్న పిల్ల మా ముందు నిలబడి గడగడా ఇంగ్లీషు పద్యం చెప్పింది. అల్లుడు అక్కడే పడిపోయాడు. నేను అతనికంటే ముందే పడ్డాను. నాకు రాని ఇంగ్లీషు నా మనవరాలి నోట మూడో ఏటనే పలుకుతుందంటే ఇంకేం కావాలి. బాత్రూం ఎక్కడుందని మా ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

రెండు నెలలు నడిచింది. నేను వంట ముగించుకుని ఫోను ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. కెమెరాలో పండు మూల కుర్చీలో చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుని కనిపించేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేదాన్ని. ఒంటిగంటకి ఇంటికి రాగానే బూట్లతోనే బాత్రూంలోకి పరిగెత్తేది. పక్క ఫ్లాట్ల పిల్లలు బట్టలు తడుపుకుని వస్తుంటే మాది ఇంటిదాకా ఆపుకుని వస్తోంది, చూడండి ఎంత బాగా నేర్పారో అని నలుగురికీ చెప్పాను. భీమవరంలో మా చెల్లికి ఫోను చేసి మరీ చెప్పాను. నీళ్ళ సీసా పోసింది పోసినట్టే తిరిగొచ్చేది. అక్కడే ఫిల్టరు నీళ్ళు పడుతున్నారు కాబోలు, ఇంత మోత ఎందుకని సీసా పంపడం మానేద్దామనుకున్నాను కూడా.

ఒకరోజు గేటు దగ్గర ఆయమ్మ గొంతుక్కూచుని పండు బూటు పట్టీ పెడుతోంది. తల ఎత్తకుండానే, బాటిల్ నిండుగనే వస్తాందా అక్కా ఇంటికి అని అడిగింది. అవును, ఇక్కడే తాగేస్తోందిగా అన్నాను గొప్పగా. పట్టీ మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆఫీసు కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"తాగుతలేదు. తాగితె ఉచ్చొస్తది. వస్తె ఇంగిలీష్ల అడగాలె, లేకుంటె బెల్లు కొట్టేదాక పంపరు. మూడేండ్ల పోరికి ఉచ్చొచ్చినంక ఇంగిలీషు యాడికెల్లి వస్తదక్కా."

మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదటి వారం పండు ఇంట్లో అనే మాటల్లోనే అడిగిందట. ఇంగ్లీషులో చెప్పమని టీచరు నిలబెట్టింది. చెప్పలేక నిలబడినచోటే తడుపుకుంది. పిల్లలు నవ్వారు. ఆ మర్నాటి నుంచి నీళ్ళు ముట్టలేదు. తెలివిగల్ల పోరి, తాగుడే బందు వెట్టింది అంది ఆయమ్మ. నలభైమంది పిల్లలకి ఆవిడొక్కతే ఆయా. టీచర్ల కళ్ళు గప్పి కొందరిని బాత్రూంకి తీసుకుపోతుంది, కానీ పండు ఇప్పుడు ఆవిణ్ణి కూడా అడగడం లేదు.

"ఇంకోకాడ ఎయ్యిండ్రి. నా పేరు మాత్రం తియ్యకుండ్రి, నా బువ్వ గీడనే ఉన్నది."

తియ్యనని మాట ఇచ్చాను. పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రమే పండుకి చలి పెట్టి జ్వరం వచ్చింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రం ఆపుకోవడం వల్ల వచ్చిన జబ్బు, బడిలో నీళ్ళు ఏమాత్రం తాగుతోందని అడిగింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి అంతా చెప్పాను. ఎవరు చెప్పారంటే అదీ చెప్పాను. అమ్మాయి మొగుడికి చెప్పింది. ఏనాడూ గొంతు పెంచని మా అల్లుడు పొద్దున్నే బడికి వెళ్ళి ఆఫీసు గదిలో గట్టిగా అరిచి వచ్చాడు. వాళ్ళు ముందు ఒప్పుకోలేదత్తయ్యా, మీ ఆయానే చెప్పిందని అనేసరికి నోళ్ళు పడిపోయాయి అని నాకే వచ్చి చెప్పాడు, గెలిచొచ్చినవాడిలా. మర్నాడు పండు బ్యాగు తెచ్చుకోవడానికి వెళితే గేటు దగ్గర వేరే ఆవిడ ఉంది.

జ్వరం తగ్గడానికి వారం పైన పట్టింది. ఆ వారమంతా అన్నం సయించలేదు నాకు. పిల్ల తేరుకోగానే సున్నుండలు చేసి డబ్బాలో పెట్టుకుని లాల్‌గడి మలక్‌పేట్ బయల్దేరాను. ఊళ్ళో దిగి, పట్నంలో పిల్లల బడిలో పనిచేసే ఆయమ్మ ఇల్లెక్కడని అడిగితే, అప్పుడే మేకల్ని తోలుకొస్తున్నాయన కర్రతోనే చూపించాడు. ఇంటి ముందు వాళ్ళాయన చేపల వల బాగు చేసుకుంటున్నాడు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టడం ఆయన పని. ఆవిడ కొళాయి దగ్గర చేపలు కడుగుతోంది. నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడే చేతులు చీరకి తుడుచుకుంటూ లేచి, పోరికి జరం తగ్గిందా అక్కా అని అడిగింది. మొట్టమొదట అడిగింది అదే.

నాకు ఏడుపొచ్చింది. మాట తప్పానమ్మా, నా వల్లే నీ పని పోయిందన్నాను.

"నువ్వు జెప్పకుంటె పోరి ఆడనే ఉంటుండె. నేను నీకు జెప్పకున్నా గంతే. ఇద్దరం నోరు ఆగనోల్లమే, ఇగ ఎవరినేమంటం."

అని, సున్నుండ ఒకటి నోట్లో వేసుకుని, మీ అల్లుడు మాత్రం ఉత్త ఎడ్డోడక్కా అంది. తెలివితక్కువవాడని వాళ్ళ మాట, అది నేను కాదనలేదు. వాళ్ళాయన వలలోంచి తలెత్తి, గీమెను జల్దీ ఏదో ఒక బడిల వెట్టుండ్రమ్మా, ఇంట్ల ఉన్నకాడికెల్లి అన్నం ముందర నన్ను చేతులు సూపియ్యమంటాంది అన్నాడు.

నేను క్షమాపణ కోసమే వెళ్ళాను గాని, లోపల ఇంకో దిగులుంది. సెలవు పొడిగిస్తూ పోతే మా అమ్మాయి ఉద్యోగం నిలవదు, నాకు ఒంట్లో బాగోక ఆపరేషనుకి ఊరెళ్ళాల్సిన రోజు దగ్గర పడుతోంది. పండేమో ఏ గేటు కనిపించినా నా కుచ్చెళ్ళలో దూరిపోతోంది. ఆవిడ నా మొహం చూసే కనిపెట్టింది. ఎయ్యాలె, యాడ ఎయ్యాల్నో సమజైతలేదు, గంతేనా అంది. నడువు, రేపు నేనొస్త.

మర్నాడు వచ్చింది. పెళ్ళిళ్ళకి కట్టుకునే ముదురాకుపచ్చ చీర కట్టుకుని, చెవుల వెనక పౌడరు రాసుకుని వచ్చింది. నేను పిల్ల అమ్మమ్మని, ఆవిడ నానమ్మ, అలా చెప్పాలని దారిలోనే తేల్చింది. మరి నువ్వు అవ్వా అంటావు, మేం నానమ్మ అంటాం, దొరికిపోతామేమో అన్నాను. గడ్డితోని గూడ పచ్చడి జేసేటోల్లు మీరు, ఒక్క అబద్ధం జెయ్యరాదా అంది.

పండుని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. మొదటి బడి సుచిత్ర సెంటరు దగ్గర ఒక సందులో, దుకాణం మీద రెండో అంతస్తులో. మేడం మాకు గోడంత టీవీ చూపిస్తుంటే ఆయమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. రెయిలింగు ఊచల మధ్య జానపెట్టి కొలిచి, పండు తల వైపు చూసి, మళ్ళీ ఊచల వైపు చూసింది. మీ ఆయాలు ఎన్నేండ్ల సంది ఉన్నరమ్మా అని అడిగింది. పోయిన నెలలోనే కొత్తవాళ్ళని పెట్టామని మేడం గర్వంగా చెప్పింది. ఆ ముందటోల్లు ఎందుకు వోయిండ్రు అని అడిగితే మేడం మళ్ళీ టీవీ సంగతికి వెళ్ళింది. ఆయమ్మ బాత్రూం చూస్తానని లోపలికెళ్ళి సబ్బుతో సహా వచ్చింది. అక్షరాలు చెరగని కొత్త సబ్బు. పొద్దు నెత్తిమీదికొచ్చింది, ఒక్క పోరడు గూడ చేతులు కడుగలే అని నా చెవిలో అంది.

రెండో బడికి వెళ్ళేసరికి పిల్లల్ని వదిలే వేళయింది. ఆవిడకి కావాల్సింది కూడా అదే. పొద్దున్న అందరి మొహాలూ కడిగే ఉంటయి, ఇడిసిపెట్టేటప్పుడు సూడాలె అనేది. లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడి, తలుపు దగ్గరున్నాయనతో, గా పచ్చ రిబ్బను పోరి మా మనవరాలే, పంపు బిడ్డా అంది. ఆయన ఒక్క మాట అడగలేదు. ఆ పచ్చ రిబ్బను పిల్లని చెయ్యి పట్టి తెచ్చి మాకు అప్పజెప్పాడు. ఎవరి పిల్లో పాపం, ఆవిణ్ణి చూసి నవ్వుతోంది కూడా. ఆయమ్మ ఆ పిల్లని ఎత్తుకుని నేరుగా ఆఫీసులోకి పోయి బల్ల మీద కూర్చోబెట్టి, గీ పిల్లనెవరికిచ్చిండ్రో మీకెరికేనా అని అడిగి, వాళ్ళ అమ్మ వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆ అమ్మ వచ్చాక జరిగినదంతా చెప్పింది, ఈసారి పేరు తియ్యొద్దని కూడా అనలేదు.

మూడోది పేట్ బషీరాబాద్‌లోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల, సాయంత్రందాకా పిల్లల్ని ఉంచుకునే బడి. మామూలు ఇల్లు, ముందు ఇసుక పోసిన జాగా. నేనైతే బోర్డు చూసి దాటిపోయేదాన్ని. లోపల ఒకటే గోల. బొమ్మల లారీకి చక్రం లేదు, పుస్తకాల మూలలు నలిగిపోయి ఉన్నాయి. ఆయమ్మ అవి చూసి తల ఊపింది. ఇరగని బొమ్మలుంటె ఆడుతలేరన్నట్టు అంది. మేడం నూలు చీరలో నేల మీద కూర్చుని పిల్లలతో మట్టిముద్దలు చేస్తోంది. లేవలేదు, మమ్మల్నే కూర్చోమంది. ఇక్కడ పిల్లలు పడతారా అని ఆయమ్మ అడిగింది. పడతారండి, నిన్న ఒకడు పడ్డాడు, ఇదిగో ఈయన పొద్దున పక్కవాణ్ణి కొరికాడు, ఇద్దరి అమ్మలకీ చెప్పాం అంది మేడం. ఆయమ్మ నా వైపు తిరిగి కళ్ళెగరేసింది. సబ్బు అరిగి, రెండుగా విరిగి, ఇసుక పట్టి ఉంది. బాత్రూం తలుపుకి లోపల గడియ లేదు, కొళాయి పండు చెయ్యి అందే ఎత్తులో ఉంది.

పండు మాత్రం నా చీర వదల్లేదు. నేను వెళ్ళమ్మా ఆడుకో అని తోయబోతే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఊకో, ఆమెనే పోతది అంది. మేడం కూడా పిలవలేదు. ఒక మట్టిముద్ద మాత్రం మా వైపు నేల మీద పెట్టింది. అరగంట అలాగే కూర్చున్నాం. పండు ఒక కాలు చాపి ముద్దని తనవైపు లాక్కుంది. తర్వాత కూర్చుంది. ఆ తర్వాత కాసేపటికి కాళ్ళు మెలిక వేసుకుని బిగుసుకుపోయింది. అది చూసి నాకు భయం పట్టుకుంది. మేడం కూడా చూసింది.

"వస్తోందా నాన్నా? ఎలా చెప్పినా సరే. వేలు చూపించినా సరే."

పండు వేలు చూపించలేదు. మేడం వైపు కూడా చూడలేదు. ఆయమ్మ వైపు చూసింది. ఆవిడ అప్పటికే గొంతుక్కూచుని ఉంది.

ఇద్దరూ బాత్రూం నుంచి తిరిగొచ్చేటప్పటికి పండు గౌను బొత్తాం ఊడి పిన్నీసుతో ఉంది. మేడం ఆ పిన్నీసునీ, ఆవిడ మెళ్ళో తాడునీ చూసి, మీరు నిజంగా నానమ్మేనా అని నవ్వింది. అప్పుడు నేనే చెప్పేశాను. నోరు ఆగని మనిషినని ముందే ఒప్పుకున్నాను కదా. పాత బడిలో ఏం జరిగిందో, ఎవరి వల్ల ఎవరి పని పోయిందో అంతా చెప్పాను. మేడం విని, మాకు ఇంకో ఆయా కావాలి, వస్తారా అని అడిగింది. నాకైతే ఆ క్షణంలో మేడం కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆయమ్మ మాత్రం కదల్లేదు.

"ఒక్కరికి ఎంతమంది పిల్లలమ్మా?"

పన్నెండు మంది అంది మేడం. పదిమందైతె వస్త అంది ఆయమ్మ. పని పోయి ఇంట్లో ఉన్న మనిషి, పెళ్ళి చీర కట్టుకుని అంత దూరం వచ్చిన మనిషి, ఒప్పుకోవే తల్లీ అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. మేడం పిల్లల వైపు ఒకసారి చూసి, పది అంది. అలా పండు బడి, ఆయమ్మ పని ఒకే రోజు కుదిరాయి. అల్లుడికి నేను చెప్పలేదు. మొదటి రోజు పిల్లని దింపడానికి అతను వెళ్ళి, గేటు దగ్గర ఆవిణ్ణి చూసి, చెప్పులు విప్పి నిలబడ్డాడట. ఆ రోజు నుంచి ఆవిడ అతన్ని అల్లుడా అనే పిలిచింది. ఎడ్డోడు అన్న మాట నా దగ్గరే ఉంచింది.

ఆ ఏడాది ఆఖర్న బడి మేడ మీద షామియానా వేసి పిల్లలతో ఆటా పాటా పెట్టారు. తల్లిదండ్రులందరూ ఫోన్లు పైకెత్తి కుర్చీల్లో కూర్చున్నారు. మా పండు బంతిపువ్వు. చుట్టూ నారింజ రంగు కాగితపు రేకులు, మధ్యలో బుగ్గలు. ఎనిమిది పూలు వరసలో నిలబడి పాటకి చేతులు ఊపుతున్నాయి. రెండో చరణం సగంలో పండు ఊపడం ఆపేసింది. వరసలోంచి బయటికొచ్చి, మైకు పట్టుకుని ఉన్న మేడం దగ్గరికి నడిచి, మైకుకి నోరు ఆనించింది.

"ఆయమ్మా, ఉచ్చొస్తాంది."

సౌండు పెట్టెల్లోంచి ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. మా అమ్మాయి తల దించుకుంది. అంతలో గులాబీ నాకూ అంది. కలువ నాకూ అంది. ఆయమ్మ మెట్ల పక్క నుంచి దబదబా వచ్చి పండు చెయ్యి పట్టుకుంది. ఒకరి వెనక ఒకరు ఎనిమిది పూలూ దిగి, కుర్చీల మధ్య నుంచి వరసగా బయల్దేరాయి. మా అల్లుడు వీడియో తీస్తున్న ఫోను జేబులో పెట్టి, తన కుర్చీ ఎత్తి పక్కన పెట్టి దారి ఇచ్చాడు. అతన్ని చూసి మిగతా తండ్రులూ కుర్చీలు ఎత్తారు. ఖాళీ వేదిక మీద పాట ఒంటరిగా నడిచి ముగిసింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి పూలన్నీ తడి చేతులతో తిరిగొచ్చి ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డాయి, కొన్ని రేకులు నాని వేలాడుతున్నాయి. మేడం పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టించింది.